నాలుగు మెట్లు దింపిన గిటార్

ప్రోగ్రాంకు రెండు రోజుల ముందు తీగలు మార్చడం నా పద్ధతి. ముందురోజు మారిస్తే కొత్త తీగ ఇంకా సాగుతూ ఉంటుంది, స్టేజీ మీద శృతి నిలవదు. మరీ ముందుగా మారిస్తే చేతి చెమటకు మెరుపు పోయి పేలవంగా మోగుతుంది. జనగామలో మా ఇంటి వెనక గదిలో మంచం మీద పాత దుప్పటి పరిచి, గిటార్‌ను పడుకోబెట్టి, ఒక్కో తీగ విప్పి, మెడ మీది మెట్ల మధ్య పేరుకున్న జిడ్డును పాత బనియన్ గుడ్డతో తుడుస్తాను. తరువాత వైర్లు. ఒక్కోదాన్ని ప్లగ్గు దగ్గర పట్టుకుని ఊపి చూస్తాను. చిటపటమంటే పక్కన పెట్టి టంకం వేస్తాను. బ్యాటరీని నాలుకకు తాకించి చూడటం చిన్నప్పుడు అలవాటైంది, ఈ వయసులోనూ పోలేదు.

చివరగా ఒక ప్లైవుడ్ ముక్క సర్దుకుంటాను. తండాల్లో, పొలాల పక్కన వేసే టెంట్లలో నేల తడిగా ఉంటుంది, కరెంటుకు ఎర్త్ సరిగ్గా ఉండదు. చెయ్యి తీగ మీద ఉండగా పెదవి మైకుకు తగిలితే ఒళ్లు జివ్వుమంటుంది. అందుకని ఆ ముక్క మీద నిలబడే వాయిస్తాను. మా ఆర్కెస్ట్రా పార్టీవాళ్లు దాన్ని పీట అంటారు. "పెండ్లి పిల్లగానికన్నా ముందు మా అన్నకు పీట వడాలె" అని నవ్వుతారు.

నీటిపారుదల శాఖలో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ శని ఆదివారాల్లో, పెళ్లిళ్ల కాలంలో సెలవు పెట్టి, ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించాను. రిటైరయ్యాక అదొక్కటే మిగిలింది. చిన్నప్పటి నుంచీ డైరీ రాస్తాను. ఏ ఊరు, ఏ పాటలు, ఏ స్కేల్, ఏం చెడిపోయింది, ఈసారి ఏం జాగ్రత్తపడాలి, ఇంతే ఉంటుంది అందులో. పాట ఏ స్వరం మీద నిలబడి మొదలవుతుందో దాన్ని మావాళ్లు స్కేల్ అంటారు. మనిషికి ఒక గొంతు ఉన్నట్టే గొంతుకు ఒక స్కేల్ ఉంటుంది.

నాకు ఒక నియమం ఉండేది. జత లేకుండా గడప దాటకూడదు. రెండు వైర్లు, రెండు బెల్టులు, రెండు గిటార్లు. నల్లది గట్టి చెక్కది, సినిమా పాటలకు. ఎర్రది లోపల బోలుగా ఉండేది, తండా పాటలకు. ఒకదానికి తీగ తెగితే రెండోది అందుకోవచ్చు. ఈ నియమం నేను మొదటిసారి తప్పింది ఒక పెళ్లిలో. ఇది ఆ పెళ్లి గురించి.

మా పార్టీలో పాడే ఆమెది కొడకండ్ల దగ్గరి ఒక తండా. పెళ్లయిన కొత్తలో పార్టీలో చేరింది. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. భోజనాల ముందు సినిమా పాటలు పాడేది. భోజనాలయ్యాక ఎవరో ఒకరు లేచి "తండా పాట పెట్టుండ్రి" అని అరిచేవాళ్లు. అప్పుడు ఆమె కొంగు బిగించి, మైకును కాస్త దూరం జరిపి, తన ఇంటి భాషలో పాడేది. దూరం జరపకపోతే ఆ గొంతుకు స్పీకర్ బాక్సులు చీలిపోయేవి. మొదట్లో వేరే ప్రాంతం నుంచి వచ్చిన ఒక ప్రోగ్రాం పెద్ద ఆమెతో, "పాట బాగుందమ్మా, మాట మాత్రం కొంచెం మార్చుకో" అన్నాడు. ఆమె గలగలా నవ్వింది. "మాట మార్సుకుంటే గా పాట నాది ఎట్లయితది సారూ" అంది. 

ఆమె పాటల్లో ఒకటి, పెళ్లికూతురు పుట్టింటిని విడిచేటప్పుడు పాడేది. పూర్వం ఆ పిల్లే స్వయంగా ఏడుస్తూ పాడేదట. ఇప్పటి పిల్లలకు ఆ పాట రాదు. అందుకని అప్పగింతల వేళ ఈమెతో పాడించుకునేవాళ్లు. దాని కింద నేను మీటేది పెద్ద విద్యేమీ కాదు. రెండు తీగలను నొక్కకుండా వదిలేసి, అవి పాట పొడుగునా గుయ్యిమంటుంటే, పైతీగల మీద ఆమె వెంట నడిచేవాణ్ని. కీబోర్డు వాయించే మా పార్టీ ఓనరు, ఆ పాటను ఒకసారి మహబూబాబాద్‌లో తన ఇంట్లో రికార్డు చేశాడు. అది ఫోన్లలో పడి తండా తండాకూ తిరిగింది. మేం ఎక్కని స్టేజీల మీద కూడా మా పాట మోగింది.

ఆ తరువాత ఆమె గొంతులో గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేయాల్సిందేనన్నారు. మాట పలికించే నరం గడ్డను అంటుకునే ఉందని, గొంతు మునుపటిలా రాకపోవచ్చని డాక్టర్ ముందే చెప్పాడు. ఎవరినీ అనడానికి లేదు. ఆపరేషన్ బాగానే అయింది, మనిషి దక్కింది.

చాన్నాళ్లకు ఒక ఉదయం ఫోను వచ్చింది. బొంగురుగా, గాలి ఎక్కువ, మాట తక్కువ.

"ఎవరు మాట్లాడేది?" అన్నాను.

"మీ తమ్ముణ్ని" అంది.

చెల్లె అని తెలియడానికి ఒక్క క్షణం పట్టింది నాకు. ఆమె నవ్వుతున్నట్టుంది. ఆ నవ్వు కూడా గాలిగానే వినిపించింది.

"పరేషాన్ గాకు అన్నా. మెల్లమెల్లగ వస్తదన్నరు. ఒక ప్రోగ్రాం వచ్చింది. జర నువ్వు జూడాలె."

చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసే ఒకాయన కూతురి పెళ్లి. ఆయనదీ ఒక తండానే. భూపాలపల్లిలో ఫంక్షన్ హాలు, పగటి విందు, ఆ వెంటనే అప్పగింతలు. ఆ పాట ఆమే వచ్చి పాడాలని అడిగాడట. ఆపరేషన్ సంగతి ఆయనకు తెలుసు. "వచ్చి నిలవడితే చాలమ్మా" అన్నాడట. ఆ మాట ఆమెను పొడిచింది.

"నిలవడనీకి నేనేమన్న కరెంటు స్తంభమా అన్నా? పోతే పాడాలె. పాడకపోతే ఇగ ఇంట్ల కూసుంట, మల్ల మైకు ముట్ట."

అలా, ఆ ఒక్క పాట మీద అంతా వచ్చి నిలబడింది. ఆమె పాడగలిగితే పాటగత్తెగా ఉంటుంది. లేకపోతే లేదు.

మరుసటి వారం బస్సులో మా ఇంటికి వచ్చింది. మెడ చుట్టూ కొంగు కప్పుకుంది. ముందు గదిలో కూర్చోబెట్టి, పల్లవి మెల్లగా అనమన్నాను. పాత స్కేల్‌లో మొదటి మాటకే గొంతు రెండుగా చీలింది. ఒక మెట్టు తగ్గించి ఇచ్చాను. అక్కడా చీలింది. ఒక్కో మెట్టూ దిగుతూ పోయాం. నాలుగు మెట్లు దిగాక గొంతు నిలబడింది. ఇంకా దిగితే ఊపిరిలో కలిసిపోతోంది. నాలుగు మెట్ల కింద, ఒక సన్నని గట్టు మీద నడిచినట్టు, అటూ ఇటూ జారకుండా పల్లవి మొత్తం అంది. అందులో మునుపటి మోత లేదు. వేరే ఏదో ఉంది. ఏదైనా, అది ఆమెదే.

గిటార్ వాయించేవాళ్లు అడుగుతారు, స్కేల్ మారితే వేళ్లు జరుపుకుంటే సరిపోదా అని. సినిమా పాటకు సరిపోతుంది. ఈ పాటకు సరిపోదు. వేళ్లు జరిపితే ఆ వదిలేసిన తీగలు మూగబోతాయి. ఆ గుయ్యిమనే మోత లేకుండా ఆమె ఒంటరిగా నిలబడలేదు. బాగున్న రోజుల్లోనే ఆ మోత మీద చెయ్యి వేసుకుని నడిచేది. కాబట్టి గిటార్‌నే నాలుగు మెట్లు దింపాలి.

మామూలు తీగలను అంత దింపితే పాత మంచం నులక లాగా వేలాడి, మెట్లకు కొట్టుకుని గరగరలాడతాయి. లావు తీగలు కావాలి. హనుమకొండలో నేనెప్పుడూ వెళ్లే దుకాణానికి వెళ్లాను. దుకాణదారు నాకంటే చిన్నవాడు, నోటి దురుసు మనిషి. నేను అడిగిన తీగలు చూసి, "ఏంది పెద్దమనిషీ, గింత లావుయి? బట్టలారేసుకుంటవా?" అన్నాడు.

సంగతి చెప్పాను. ఆయన ఎగతాళి మానేసి లోపలికి వెళ్లి ఒక ప్రాసెసర్ తెచ్చాడు. కాలితో నొక్కే పెట్టె. "గీ బటన్ ఒత్తు. తీగలు ముట్టకుండనే నాలుగు మెట్లు అదే దిగుతది. గీ వయసుల కష్టమెందుకు?" అన్నాడు. నొక్కి వాయించి చూశాను. స్వరం దిగింది, నిజమే. కానీ తీగ మీటిన కాసేపటికి మోత వస్తున్నట్టు, తడిసిన అట్టపెట్టెలోంచి వినిపిస్తున్నట్టు ఉంది. పక్కన నిలబడి పాడే మనిషికి నా చేతిలోని గిటార్ ఒక స్వరం, బాక్సు ఇంకో స్వరం చెబుతుంది. ఆమె చెవికి రెండు దారులు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. లావు తీగలే రెండు సెట్లు తెచ్చుకున్నాను.

ఎర్రదాన్ని మంచం మీద పడుకోబెట్టి పని మొదలుపెట్టాను. లావు తీగలు పట్టేలా మెడ చివరి ఎముక ముక్క మీది గాట్లను సన్నటి ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీశాను. ఎక్కువ అరిగితే తీగ మెట్టుకు తగులుతుంది, మళ్లీ పూడ్చలేం. ఊదడం, తీగ వేసి చూడటం, తీసి మళ్లీ ఒక రాపిడి. తీగలన్నీ ఎక్కాక మెడ ముందుకు వంగింది. లోపలి ఇనుప కడ్డీని ఎల్-కీతో పావు వంతు తిప్పి, ఒక పూట వదిలేసి, మళ్లీ చూశాను. గిటార్ మెడకు తొందర పనికిరాదు. రెండు రోజులకు ఒక దారికి వచ్చింది. నొక్కకుండా ఆ రెండు తీగలూ మీటితే ఎద్దు గిట్టల కింద నేల గుబగుబలాడినట్టు మోగింది. ఇన్నేళ్లుగా నా చేతిలో ఉన్న గిటార్‌లో ఇలాంటి గొంతు ఒకటి ఉందని నాకు తెలియదు. ఆ రోజు చాలా ఆశ కలిగింది.

ఫోను చేసి, "చెల్లె, దింపిన. మంచిగ దిగింది" అన్నాను.

"యాడ దింపినవన్నా? దింపుడు కల్లం కాడనా?" అంది.

మాలో శవాన్ని కాటికి తీసుకుపోతూ దారిలో ఒకచోట పాడెను దింపుతారు. అది దింపుడు కళ్లం. దగ్గరివాళ్లు చనిపోయిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు, ఒకవేళ పలుకుతాడేమోనని. పలకడని పిలిచేవాళ్లకూ తెలుసు. అయినా పిలుస్తారు. ఆమె మా ఇళ్లలో చావులకు వచ్చింది, చూసింది. నేను తిట్టాను. "గా మాటలు మాట్లాడితే తీగలు ఇప్పేస్త."

"అయ్యో, నవ్వినన్నా. నువ్వు దింపినంక పిలువు, నేను పలుకుత తియ్యి."

రిహార్సల్‌కు మహబూబాబాద్ రైల్లో వెళ్లాను. ఓనరు ఇల్లు పట్టాల పక్కనే. రైలు వస్తే వాయించడం ఆపి, పోయాక మొదలుపెట్టడం అక్కడ అలవాటు. ఓనరు నాకంటే చాలా చిన్నవాడు, నన్ను అన్న అని, ఆమెను అక్క అని పిలుస్తాడు. కీబోర్డులో స్కేల్ దించడం అతనికి ఒక బటన్ పని. ఆమె కళ్లు మూసుకుంది. నేను ఆ రెండు తీగలు వదిలాను. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. చరణం చివర మునుపు పైకి లేచే చోట ఆమె లేవకుండా, ఇంకా కిందికి వంగి, మాటను నేల మీద పెట్టినట్టు పెట్టింది. నా వేళ్లు ఒక్కసారి ఆగబోయాయి. అది మేం అనుకున్నది కాదు, అప్పటికప్పుడు ఆమెకు తోచింది. ఇంత బాగా ఆమె ఎప్పుడూ పాడలేదనిపించింది.

ఓనరు మళ్లీ మొదటి స్వరం నొక్కాడు. "ఇంకోసారి అక్కా" అన్నాడు. రెండోసారి పల్లవి మధ్యలోనే గొంతు తెగింది. మూడోసారి మొదటి మాటకే. అతను కీబోర్డు మీద గుడ్డ కప్పాడు. "సాలక్కా. ఎల్లుండికి దాసుకో."

స్టేషనుకు నాతోపాటు ఆమె నడిచి వచ్చింది. ప్లాట్‌ఫారం మీద అంది:

"అన్నా, నల్లది తేకు."

"ఎందుకు?"

"తెస్తవని ఎరుక. ఎర్రది పనికి రాకపోతే నల్లది తీసి సినిమా పాట కొడ్తవు, వేరే పిల్లతోని పాడిపిస్తరు. రెండోది ఎంబడి ఉన్నదంటే నేను పాడనని నువ్వనుకున్నట్టే."

"గట్ల కాదు చెల్లె, తీగ తెగితే—"

"తెగితే తెగని."

నా నియమం ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది. సరేనన్నాను.

పెళ్లి రోజు తెల్లవారుజామున మహబూబాబాద్‌లో వ్యానెక్కాం. నర్సంపేట, పరకాల దాటి వెళ్లే దారి. కాళ్ల దగ్గర ఒక్క గిటారే ఉండటం కొత్తగా ఉంది. నల్లది పెట్టే చోట ఎవరో మంచినీళ్ల డబ్బా పెట్టారు. అది కదిలినప్పుడల్లా చెయ్యి అటే పోయింది. ఆమె దారి పొడుగునా మాట్లాడలేదు, గొంతు దాచుకుంటోంది. ఏదైనా కావాలంటే సైగ చేసేది. చెల్పూర్ దగ్గర బొగ్గు లారీల వెనక వ్యాను ఆగింది. ప్లాంటు పొగగొట్టాలు చూపించి, తన గొంతు చూపించి, పొగ వచ్చినట్టు చేత్తో అభినయించింది. వ్యానులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

హాలులో కుర్చీలు వేస్తున్నారు. వంటవాళ్లు బకెట్లు మోస్తున్నారు. పీట వేసుకుని, వైరు పెట్టి, శృతి చూసుకున్నాను. రెండు రోజుల ముందు మార్చిన తీగలు బాగా నిలబడ్డాయి. నా వైపు నుంచి ఏ లోపమూ లేదు. సౌండ్ చూసుకోవడానికి ఆమెను ఒక వాక్యం పాడమన్నారు. పాడింది. రెండో మాట దగ్గర గొంతు గరగరమని చీలి, ఈలలాగా పైకి పోయి, ఆగిపోయింది. బాక్సుల్లో అది ఎంతో పెద్దగా వినిపించింది.

అన్నం బకెట్టు మోసుకుపోతున్న ఒకాయన ఆగి, స్టేజీ వైపు చూసి, మంచి మనసుతోనే అరిచాడు: "అన్నా, మైకు ఖరాబైనట్టున్నది. జర మార్సుండ్రి!"

ఎవరూ నవ్వలేదు. నిజంగానే మైకు చెడిందనుకున్నారు. ఓనరు వెంటనే, "అవు, మైకే. మారుస్తం" అన్నాడు. ఆమె మైకును స్టాండులో పెట్టింది. గాజును పగలకుండా పెట్టినంత మెల్లగా పెట్టింది.

తరువాత కీబోర్డు దగ్గర ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఓనరు ల్యాప్‌టాప్ చూపించాడు. ఆమె దాని వైపు చూడకుండా తల ఊపింది. అతను నా దగ్గరకు వచ్చాడు.

"అన్నా, ట్రాకు పెడుతున్న. పాత రికార్డింగ్. అక్క ఒప్పుకుంది. మైకు బందు ఉంటది, పెదవులు కదిలిస్తది. వాళ్ల ఇజ్జత్, మన ఇజ్జత్ రెండూ నిలవడతయి. తప్పంటవా?"

తప్పనలేను. రెండు వందల కుర్చీల ముందు ఆమెను నిలబెట్టి ఆ ఈల మళ్లీ వినిపించడం నాకు ఇష్టమా? కాదు. కానీ ఆ రికార్డింగు పాత స్కేల్‌లో ఉంది. నా గిటార్ నాలుగు మెట్ల కింద ఉంది. రెండూ కలిసి మోగితే కుక్కల కొట్లాటే.

"నీ దగ్గర క్యాపో ఉన్నది గద" అన్నాడు. క్యాపో అంటే తీగలన్నిటినీ ఒకేసారి అదిమిపట్టే చిన్న బిగింపు. నాలుగో మెట్టు మీద బిగిస్తే దింపిన గిటార్ తిరిగి పాత స్కేల్‌కు ఎక్కుతుంది. సంచి జేబులోంచి తీశాను.

ఆమె నా పక్కకు వచ్చి, చేతిలో ఉన్నదాన్ని చూసింది.

"వద్దు భియా" అంది. భియా అంటే వాళ్ల భాషలో అన్న. నన్ను అలా పిలవడం అదే మొదటిసారి. "నువ్వు దింపినకాన్నే కొట్టు. నేను గా స్కేల్లనే పాడుత."

"ఎవరికి ఇనవడతది చెల్లె?"

"ఇనవడనీకి ట్రాకు ఉన్నది గద."

ఓనరు ఇద్దరినీ చూశాడు. "మరి గిటార్ సౌండ్ బందు వెట్టాలె అన్నా."

"పెడ్త" అన్నాను. క్యాపో సంచిలో వేసి, గిటార్ మీది వాల్యూమ్ బిళ్లను సున్నాకు తిప్పాను. ఇన్నేళ్లలో స్టేజీ మీద, పాటకు ముందు, ఆ బిళ్లను అటువైపు ఎప్పుడూ తిప్పలేదు.

విందు ముగిసి పెళ్లికూతురిని తల్లి చెయ్యి పట్టి తీసుకొచ్చారు. యాంకరు మైకు అందుకుని, జనాన్ని హుషారు చేయడానికి ఆమె పేరు పెట్టి పిలిచాడు. చప్పట్లు చాలలేదని రెండోసారి పిలిచాడు. "ఇంకా గట్టిగా!" అని మూడోసారి. ఆమె నా వైపు చూసింది. దింపుడు కళ్లం ఆమెకూ గుర్తొచ్చిందని ఆ చూపులో తెలిసింది. నేను తల దించుకుని తీగలు చూసుకున్నాను.

బాక్సుల్లోంచి పాట లేచింది. ఆమె పాత గొంతు. మైకు దూరం జరిపి పాడిన గొంతు. దాని కింద గిటార్. అది కూడా నాదే, ఆ రోజుల నా చేతులవి. ఇప్పుడు అంత చురుగ్గా ఆ వేళ్లు పడవు. ముందు మా ఇద్దరి పాత మనుషులు పాడుతూ వాయిస్తుంటే, వాళ్ల వెనక మేమిద్దరం నిలబడి ఉన్నాం.

ఆమె నిజంగానే పాడుతోంది. నాకు వినిపించలేదు. బాక్సుల హోరులో నా తీగలు కూడా నాకు వినిపించలేదు, వేళ్ల కింద అదురు మాత్రమే తెలుస్తోంది. కానీ ఆమె గొంతు మీద ఆపరేషన్ కుట్ల గీత కదులుతోంది. పెదవులు కదిలిస్తే ఆ గీత కదలదు, పాడితేనే కదులుతుంది. పాటకు తగ్గట్టు కాదు, పాట కంటే కొంచెం వెనకగా, నెమ్మదిగా. నేను బాక్సులను వదిలేసి ఆ గీతను చూస్తూ మీటాను. పల్లవి అయింది. మొదటి చరణం చివర ఆమె కిందికి వంగే చోట గీత కూడా కిందికి దిగింది. ఆ చోట ఏం పాడిందో ఎలా పాడిందో రిహార్సల్‌లో విన్నాను కాబట్టి నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. హాలంతా ఏడుస్తోంది. పెళ్లికూతురు తల్లి భుజం మీద తల వాల్చింది. ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. వాళ్లు ఏడ్చింది పైన మోగుతున్న పాటకు.

రెండో చరణం మధ్యలో గీత ఆగిపోయింది. పెదవులు కదులుతూనే ఉన్నాయి. పాట తప్పు పడకుండా, గొంతు చెదరకుండా, చివరిదాకా సాగింది. నేనూ ఎక్కడ ఆపాలో తెలియక అక్కడే ఆపాను. గిటార్ ఆగినట్టు ఒక్కరూ గమనించలేదు.

దిగుతుంటే పెళ్లికూతురి ముసలి అవ్వ ఎదురొచ్చి, రెండు చేతులతో ఆమె మెడ తడిమి, వాళ్ల భాషలో ఏదో చెబుతూ ముద్దు పెట్టుకుంది. ఏమన్నదని వ్యానులో అడిగాను.

"గొంతు ఏం పోలేదు బిడ్డా, గట్లనే ఉన్నది అన్నది" అని చెప్పి కిటికీ వైపు తిరిగింది. చెల్పూర్ దాటేదాకా మళ్లీ ఇటు తిరగలేదు.

ఆ వీడియో చూసి ఇంకా కొందరు పిలిచారు, ఆమె గొంతు తిరిగొచ్చిందని. కాదని ఒక్కొక్కరికీ చెప్పుకునే ఓపిక ఆమెకు లేదు. ఒక ప్రోగ్రాంకు వచ్చి, నిలబడి, పెదవులు కదిపింది. కుట్ల గీత వైపు చూశాను. మొదటి నుంచీ కదలలేదు. ఆ తరువాత రావడం మానేసింది. ఇప్పుడు కొడకండ్లలో చిన్న చీరల కొట్టు పెట్టుకుందని విన్నాను. పాట మాత్రం ఆగలేదు, రికార్డుగా మా పార్టీతోనే తిరుగుతోంది. అప్పగింతల వేళ ఓనరు బటన్ నొక్కుతాడు. ఆ పాట మోగినంతసేపూ నేను పీట దిగి, వెనక్కి వెళ్లి నిలబడతాను.

నేను ఇంకా వాయిస్తున్నాను, నల్లదానితో. రెండు రోజుల ముందు తీగలు మారుస్తాను, వైర్లు ఊపి చూస్తాను, అన్నీ జతలుగా సర్దుకుంటాను. గిటార్ మాత్రం ఒక్కటే. ఎర్రది దింపిన స్కేల్‌లోనే గోడకు వేలాడుతోంది. లావు తీగల లాగుడుకు మెడ రోజురోజుకూ ముందుకు వంగుతోంది. ఇనుప కడ్డీ ఇంక బిగుసుకోవడం లేదు. తీగలు విప్పేస్తే మెడైనా మిగులుతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

మొన్న ఫోనులో ఆమె అడిగింది. ఆ గాలి గొంతు ఇప్పుడు నాకు అలవాటైంది.

"ఎర్రది గట్లనే ఉన్నదా అన్నా?"

"గట్లనే ఉన్నది."

"మల్ల పైకి ఎక్కియ్యరాదా. ఉత్తగ ఖరాబైతది."

"ఎక్కిస్త" అన్నాను.

దింపుడు కళ్లం దగ్గర పిలవడం అయ్యాక కాసేపు చూస్తారు. పలకకపోతే పాడె మళ్లీ భుజాలకెత్తుకుని నడుస్తారు. అక్కడే కూర్చుండిపోవడం ఆచారం కాదు. తీగలు విప్పి కడ్డీ వదులు చేయడానికి ఎల్-కీ తీసి టేబుల్ మీద పెట్టుకున్నాను. ఇంకా అక్కడే ఉంది.